దిమ్మిస అంటే ఏంటి, ఎందుకు, ఎప్పటినుంచి – నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చిన్న చిన్న ఇళ్ల సైట్లు చూసుకుంటూ చాలా ఏళ్లయింది, ఇల్లు కట్టుకునేవాళ్లు, సివిల్ చదివే పిల్లలు, మా చుట్టాల గ్రూపులో ఉన్నవాళ్లు దిమ్మిస గురించి అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు, ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టలేక అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా. కొన్నిటికి జవాబు రెండు లైన్లే, కొన్నిటికి మాత్రం నాకే ఆపాలనిపించలేదు.

అసలు దిమ్మిస అంటే ఏంటి సార్?

మట్టిని, మొరాన్ని, కంకరని కొట్టి కొట్టి గట్టిపరిచే చేతి పనిముట్టు. కింద బరువైన దిమ్మ, పైన నిలువుగా పొడుగు కర్రో పైపో, అంతే. రెండు చేతుల్తో ఎత్తి వదిలేయాలి, దాని బరువే పని చేస్తుంది. పాత రోజుల్లో కింది దిమ్మ కూడా కట్టెదే, గట్టి మొద్దు చూసి చేయించేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా చదరపు ఇనుప పలకకి పైపు వెల్డింగ్ చేసి ఇస్తున్నారు. ఇంకా చౌకగా కావాలంటే పాత నూనె డబ్బాలో కాంక్రీటు పోసి మధ్యలో పైపు నిలబెట్టి సైట్లోనే తయారు చేస్తారు, అడ్డా మీద కూలీలకి అది కూడా దిమ్మిసే.

రామర్, దుర్ముట్, దిమ్మిస మూడూ ఒకటేనా?

ఒకటే. ఇంజనీర్ రామర్ అంటాడు, ఉత్తరాది నుంచి వచ్చిన కూలీ దుర్ముట్ అంటాడు, మన మేస్త్రి దిమ్మిస అంటాడు, ముగ్గురూ ఒకే కర్ర పట్టుకుంటారు. పక్క భాషల్లో అడిగి చూడండి, తమాషాగా ఉంటుంది, తమిళంలో తిమిసు కట్టై, మరాఠీలో ధుమ్మస్. ఆ మాటలన్నిట్లో నేలని గుద్దిన చప్పుడు ఉందని నాకనిపిస్తుంది. నేను భాషా పండితుణ్ని కాదు, చెవికి తోచింది చెప్తున్నా.

ఇంగ్లీషు రామర్‌లో మాత్రం చప్పుడు లేదు, జంతువుంది. రామ్ అంటే పొట్టేలు, తలతో ఢీకొట్టేది. మా సైట్‌లో ఒక పెద్దాయన చాలాకాలం దాన్ని 'రాముడు' అనుకున్నాడు, 'ఆ రామన్న ఎక్కడున్నడు' అని అడిగేవాడు, మేమూ సరిచేయలేదు.

పారిస్‌లో రోడ్డు రాళ్లు పరిచే పనివాళ్లు దీన్ని 'దెమ్వాజెల్' అనేవాళ్లంట, అంటే అమ్మాయి, రెండు పక్కలా చేతుల్లాంటి పిడులు ఉంటాయి కాబట్టి. జపాన్ వాళ్లకి అవే పిడులు కాళ్లలాగా కనపడి 'టాకో' అన్నారు, అంటే ఆక్టోపస్. పనిచేసేవాడు పనిముట్టుకి ప్రాణం పోసి పిలవడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

రోకలి కూడా దిమ్మిసే కదా?

చుట్టాలే కానీ ఒకటి కాదు. రోకలి సన్నగా ఉంటుంది, చివర ఇనుప పొన్ను ఉంటుంది, దాని పని గింజ మీద పొట్టు ఊడగొట్టడం, లేదా దంచి పొడి చేయడం. దిమ్మిస అడుగు వెడల్పు. రోకలి విడదీస్తుంది, దిమ్మిస కలుపుతుంది. రోకలితో నేల గుద్దితే గుంటలు పడతాయి, అందుకే ఇంట్లో రోకలుంది కదా అని ప్రయోగాలు చేయకండి, ఆడవాళ్లు తిడతారు కూడా.

కొడితే మట్టి ఎందుకు గట్టిపడుతుంది? నీళ్లు ఎందుకు చల్లుతారు?

వదులు మట్టిలో రేణువుల మధ్య బోలెడంత గాలి ఉంటుంది. పైనుంచి దెబ్బ పడితే రేణువులు జరిగి ఒకదాని సందులో ఒకటి కూర్చుంటాయి, గాలి బయటికి పోతుంది. పొడి మట్టిలో ఆ జరగడం కష్టం, రాపిడి ఎక్కువ, అందుకే కొంచెం తడి కావాలి, నీళ్లు రేణువులకి నూనె రాసినట్టు పనిచేస్తాయి. నీళ్లు ఎక్కువైతే మాత్రం సందుల్లో గాలి బదులు నీళ్లు కూర్చుంటాయి, నీళ్లని నలగ్గొట్టలేం కదా, దిమ్మిస వేస్తే మట్టి పరుపులాగా ఊగుతుంది. అట్లా ఊగిందంటే ఆరోజు పని ఆపేసి ఆరనివ్వడమే.

ఆ సరైన తడి ఎంతో లెక్క కట్టిన ఆయన రాల్ఫ్ ప్రాక్టర్, అమెరికాలో లాస్ ఏంజెలెస్ నీటి విభాగంలో మట్టి ఆనకట్టల పని చూసేవాడు, 1933లో దీని మీద రాశాడు. సివిల్ పిల్లలు ల్యాబ్‌లో చేసే ప్రాక్టర్ టెస్ట్ అదే. మన ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం 2.6 కేజీల చిన్న రామర్‌ని 310 మిల్లీమీటర్ల ఎత్తునుంచి వదులుతారు, మూడు పొరలు, పొరకి 25 దెబ్బలు. అదేంటో చూస్తే బుల్లి దిమ్మిస, అంతే! వేల ఏళ్లుగా కూలీ చేస్తున్న పనినే గొట్టంలో పెట్టి తూకం వేశారు.

సైట్‌లో ల్యాబ్ ఉండదు కాబట్టి లడ్డూ పరీక్ష చాలు. గుప్పెడు మట్టి తీసి లడ్డూ లాగా గట్టిగా నొక్కండి, ఛాతీ ఎత్తునుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే తడి సరిపోయింది, పొడిపొడిగా రాలిపోతే నీళ్లు తక్కువ, ముద్దలాగే చప్పగా పడి ఉంటే నీళ్లు ఎక్కువ.

పాతకాలంలో దీన్ని ఎక్కడెక్కడ వాడేవాళ్లు?

ముందు మన ఊళ్ల సంగతి. మట్టిల్లు కడితే లోపలి నేల దిమ్మిస కొట్టకుండా అలికేవాళ్లు కాదు, కొట్టని నేల మీద పేడ అలుకు నాలుగు రోజుల్లో పెచ్చులు లేస్తుంది. పంట కోతల ముందు కళ్లం చేసేటప్పుడూ అంతే, నీళ్లు చల్లి, కొట్టి, అలికితేనే గింజలో మట్టి కలవదు. మా నాయనమ్మ వాళ్లది పాలమూరు వైపు, కళ్లం గట్టిపడిందో లేదో ఆమె మడమతో తన్ని చూసేది, మడమ గుర్తు పడితే మళ్లీ కొట్టమనేది, ఇప్పుడు నేను బేస్‌మెంట్ ఫిల్లింగ్‌లో చేసే మొదటి పరీక్ష కూడా అదే, బూటు మడమతో.

బయటి దేశాల్లో చూస్తే రోమన్లు నేలలు వేసే పద్ధతి విట్రూవియస్ అనే ఆయన క్రీస్తుకు ముందే వివరంగా రాసి పెట్టాడు. రాళ్లు, సున్నం కలిపిన పొర పరిచి, పదేసి మంది జట్లను దించి కొయ్య దిమ్మిసలతో కొట్టించి, కొట్టాక కూడా ముప్పావు అడుగు మందం మిగలాలి అన్నాడు. గమనించండి, కొట్టక ముందు మందం కాదు, కొట్టాక. ఈ ఒక్క తేడా దగ్గరే మన కాంట్రాక్టర్లు సగం డబ్బు మిగుల్చుకుంటారు.

దిమ్మిసతో గోడలు కూడా కట్టొచ్చా?

కట్టొచ్చు, బ్రహ్మాండంగా. రెండు వైపులా చెక్కలు బిగించి, మధ్యలో కొంచెం తడి మట్టి జానెడు లోపు పొరగా వేసి, దంచి, మళ్లీ పొర, మళ్లీ దంచి, నిండాక చెక్కలు పైకి జరుపుతారు. మన ఊరి మట్టి గోడ వేరు, అది బురద ముద్దలు పేర్చి చేసేది, ఇది దాదాపు పొడిమట్టిని దంచి రాయి చేసేది.

చైనాలో ఇది ఎంత పాతదంటే షాంగ్ రాజుల కాలంలో ఫూ యువే అనే ఆయన గోడలు దంచే కూలీగా ఉంటే రాజు వూ డింగ్ తీసుకెళ్లి మంత్రిని చేశాడని పాత చైనా పుస్తకాలు చెప్తాయి. అంటే అప్పటికే గోడ దంచడం మామూలు కూలిపని అన్నమాట. చైనా గోడ పడమటి వైపు భాగాల్లో చాలావరకు రాయి కాదు, ఇట్లా దంచిన మట్టే. ఫ్రాన్స్‌లో లియాన్ వైపు 'పిజే' అంటారు, క్వాంతెరో అనే ఆయన 1790 నుంచి దీని మీద పుస్తకాలు వేసి బీదవాళ్లకి నిప్పంటుకోని ఇళ్లు ఇవే అని ఊరూరా ప్రచారం చేశాడు. స్పెయిన్‌లో అల్హంబ్రా కోట గోడల్లో ఎర్ర మట్టి దంచిన గోడలు ఇప్పటికీ చూడొచ్చు. భూటాన్‌లో గోడ మీద ఆడవాళ్లు వరసగా నిలబడి పాట పాడుతూ దంచుతారు. మన దగ్గర కొత్తగా చూడాలంటే పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ వెళ్లండి.

తెలంగాణలో మట్టి కోటలు అంటారు కదా, అవి?

ఓరుగల్లు కోట వెళ్లినవాళ్లు రాతి గోడ, తోరణాలు చూసి ఫొటోలు దిగి వచ్చేస్తారు, బయట చుట్టూ ఉన్న మట్టికోట మీదనుంచే బండి పోనిచ్చినా గుర్తుపట్టరు. కాకతీయుల కాలం నాటిది అది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడించినప్పుడు సంగతి ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు, ఆ మట్టి గోడలో ఉక్కు బల్లెం కూడా దిగదనీ, రాళ్లు విసిరే యంత్రం నుంచి గుండు వచ్చి తగిలితే పిల్లలు ఆడుకునే కాయ లాగా ఎగిరి వెనక్కి పడుతుందనీ. కవి కదా, కొంచెం పెంచే ఉంటాడు. కానీ మట్టి గోడని ఢిల్లీ వాళ్లు అంత మెచ్చుకోవడం చిన్న విషయం కాదు.

చెరువు కట్టలు ఇంకో కథ. గంపలు, గాడిదలతో మట్టి మోసి, పొరలు పొరలుగా పరిచి, మనుషుల కాళ్లు, పశువుల కాళ్లు, దిమ్మిసలు అన్నీ కలిసి తొక్కినవి. వడ్డెర వాళ్ల చేతిపని లేకుండా మన దగ్గర కట్ట లేదు. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం ఐస్‌క్రీమ్ తింటూ నిలబడేది కూడా 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో మొదలైన కట్ట మీదే, తర్వాత ఎన్నోసార్లు పెంచారు, అది వేరే సంగతి.

హైదరాబాద్ పాత భవనాలకీ దిమ్మిసకీ ఏం సంబంధం?

పై కప్పు దగ్గర ఉంది సంబంధం. స్లాబ్ రాకముందు మిద్దె అంటే కట్టె దూలాల మీద ఇటుక, దాని మీద ఇటుక ముక్కలు, డంగు సున్నం కలిపిన మందం పొర. డంగు సున్నం అంటే ఎద్దులు రాతి చక్రం తిప్పుతుంటే నూరిన సున్నం, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. ఆ పొరని ఒకసారి కొట్టి వదిలేస్తే కుదరదు, సున్నం మెల్లగా గట్టిపడుతుంది, గట్టిపడే కొద్దీ బీటలు రాబోతుంటాయి, అవి మూసుకునేదాకా రోజుల తరబడి చిన్న కొయ్య బ్యాట్లతో తడుపుతూ కొడుతూనే ఉండాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లది, వరసగా కూర్చుని తాళం తప్పకుండా కొట్టేవాళ్లు, సున్నం దంచే పాటలు అందుకే పుట్టాయి. పాట సరదాకి అనుకోకండి, పదిమంది దెబ్బ ఒకేసారి పడటానికి, అలసట తెలియకుండా ఉండటానికి అదొక్కటే మార్గం. ఆ బ్యాట్‌ని హిందీలో థాపీ అంటారు. మనకేమో తాపీ అంటే సిమెంట్ పూసేది, కొత్తలో బీహార్ కుర్రాణ్ని తాపీ తెమ్మంటే వాడు తెచ్చింది చూసి నేను తెల్లమొహం వేశా.

1591 చార్మినార్ సున్నం పనే, సిమెంట్ అప్పటికి లేదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్లు మొదలుపెట్టిన మరమ్మతుల్లో మధ్యలో ఎవరో పూసిన సిమెంట్ తీసేసి మళ్లీ సున్నమే వాడారు. పిల్లల్ని తీసుకెళ్తే ఆ గచ్చు మీద చెయ్యి పెట్టించండి, ఎండలో కూడా చల్లగా తగులుతుంది.

ఫిరంగిలో, తుపాకీలో కూడా రామర్ అంటారు, అదీ ఇదేనా?

పని అదే, చోటు వేరు. పాత ఫిరంగికి ముందు నోట్లోంచే మందు, గుండు వేసి పొడుగు కర్రతో లోపలికి కూరాలి, వదులుగా ఉంటే పేలుడు బలం వృథా. గోల్కొండలో పెట్ల బురుజు మీద ఫతే రహబర్ ఫిరంగి ఉంది, దాని పొడుగు చూస్తే కూరే కర్ర ఎంత ఉండాలో ఊహించుకోవచ్చు. తుపాకులకి మొదట్లో కట్టె కర్రలే, యుద్ధం మధ్యలో విరిగితే అంతే సంగతులు, 18వ శతాబ్దంలో ప్రష్యా సైన్యం ఇనుప కడ్డీలకి మారి మిగతావాళ్లకంటే వేగంగా కాల్చడం మొదలుపెట్టింది.

బండలు పేల్చేటప్పుడు ఇనుప కడ్డీ వాడొద్దు అంటారెందుకు?

దీనికి ఒక భయంకరమైన కథ ఉంది. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలో వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం బండ పేలుస్తున్నారు. ఫీనియస్ గేజ్ అనే ఫోర్‌మన్ రంధ్రంలో పోసిన మందుని ఇనుప కడ్డీతో కూరుతుంటే నిప్పురవ్వ లేచి పేలింది. మూడున్నర అడుగుల పైచిలుకు పొడుగు, ఆరు కేజీల బరువున్న కడ్డీ ఆయన చెంప కిందనుంచి దూరి తల పైనుంచి బయటికొచ్చి దూరంగా పడింది. మనిషి బతికాడు! ఇంకో పదకొండేళ్లకు పైగా బతికి 1860లో పోయాడు. స్నేహితులు మాత్రం మనిషి స్వభావం మారిపోయిందన్నారు, మెదడు ముందు భాగానికీ స్వభావానికీ ఉన్న సంబంధం గురించి డాక్టర్లు ఇప్పటికీ ఆయన కేసు చెప్పుకుంటారు. ఆ పుర్రె, ఆ కడ్డీ రెండూ హార్వర్డ్ మ్యూజియంలో ఉన్నాయి.

హైదరాబాద్ అంటేనే బండలు, పునాది తవ్వితే రాయి తగలని ప్లాట్ అదృష్టం. పేల్చడం లైసెన్స్ ఉన్నవాళ్ల పని, వాళ్లు కూరడానికి కట్టె కర్ర వాడుతున్నారో లేదో కళ్లతో చూడండి, ఇనుము కనిపిస్తే అక్కణ్నుంచి దూరం జరగండి.

రైల్వేలో బీటర్ అంటారు, అది?

పట్టా కింద స్లీపర్ అడుగున కంకర గట్టిగా కూరే పనిముట్టు, చూడటానికి పికాసు లాగా ఉంటుంది. గ్యాంగ్‌మన్లు ఇద్దరిద్దరు ఎదురెదురుగా ఒకే లయలో కొట్టేవాళ్లు, ఇప్పుడు ఎక్కువ చోట్ల పట్టా మీదే నడిచే ట్యాంపింగ్ మెషీన్లు వచ్చేశాయి.

ఫౌండ్రీలో?

బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న ఫౌండ్రీల్లో పోతపోసే అచ్చు చుట్టూ ఇసుక కూరడానికి బుల్లి రామర్ ఉంటుంది, ఒక చివర బిళ్ల లాగా, ఇంకో చివర ఉలి లాగా. మూలలకి ఉలి వైపు, పైన చదునుకి బిళ్ల వైపు. మరీ గట్టిగా కొడితే వేడి గాలి బయటికి పోక పోతలో బుడగలొస్తాయి. అంటే దిమ్మిస పనిలో 'ఎంత గట్టిగా కొడితే అంత మంచిది' అనేది అన్నిచోట్లా నిజం కాదు.

మా ఇంట్లో పార్కింగ్ టైల్స్ కుంగిపోయాయి, దిమ్మిస కొట్టకపోవడం వల్లేనా?

తొంభై పాళ్లు అదే. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ నా సొంత ఇంటికే అయింది. నేను వేరే ఊళ్లో పని మీద ఉన్న వారం రోజుల్లో మా కాంట్రాక్టర్ మూడడుగుల గుంతలో ట్రాక్టర్లతో మొరం ఒకేసారి పోయించి పైన రెండు బక్కెట్ల నీళ్లు చల్లి 'గట్టిగనే కొట్టినం సార్' అన్నాడు. పైన కొడితే పై జానెడే గట్టిపడుతుంది, అడుగున రెండడుగులు వదులే. మొదటి వానాకాలం ఏం కాలేదు, రెండో వానాకాలం కారు నిలబెట్టే చోట నాలుగు టైల్స్ గిన్నె లాగా దిగాయి. వీధుల్లో పైపుకో కేబుల్‌కో తవ్వి పూడ్చిన చోట వాన పడగానే రోడ్డు దిగిపోతుంది చూడండి, రోగం ఒకటే.

సీపీడబ్ల్యూడీ, అంటే కేంద్ర ప్రభుత్వ నిర్మాణాల శాఖ, వాళ్ల పద్ధతిలో స్పష్టంగా ఉంది, ఒక్కో పొర 20 సెంటీమీటర్లు దాటొద్దు, నీళ్లు చల్లి, 7, 8 కేజీల ఇనుప దిమ్మిసతో కొట్టాలి, దిమ్మిస పట్టని మూలల్లో గడ్డపార మొద్దు వైపుతో పొడవాలి. బేస్‌మెంట్ పూర్తిగా నిండాక ఒకరోజు నీళ్లు నిలబెట్టి, ఆరాక మళ్లీ కొట్టాలి. నల్లరేగడి మాత్రం అసలు నింపొద్దు, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, దాన్ని ఏ దిమ్మిసా దారికి తేలేదు. రాతి డస్ట్, ఇసుక అయితే దెబ్బ కంటే నీళ్లు, అదురు ఎక్కువ పనిచేస్తాయి.

కొట్టడంలో పద్ధతి ఏమైనా ఉందా, ఎవరైనా కొట్టొచ్చా?

ఎవరైనా కొట్టొచ్చు, రోజంతా కొట్టడం మాత్రం అందరివల్లా కాదు. మోకాలి ఎత్తు దాకా ఎత్తి వదిలేయాలి, కిందికి తొయ్యొద్దు, తోస్తే నడుం పట్టేస్తుంది. ఒక దెబ్బ మీద సగం ఇంకో దెబ్బ పడేట్టు వరసగా, ముందు గోడల పక్క నుంచి మొదలుపెట్టి మధ్యకి రావాలి. అందరూ మధ్యలో బాగా కొట్టి అంచులు వదిలేస్తారు, తర్వాత గోడ పక్కనే నేల దిగి గీత పడుతుంది. చెప్పులతో కొట్టే కూలీలకి ఒక జత బూట్లు కొనివ్వండి, ఎనిమిది కేజీల ఇనుము వేలి మీద పడితే అతని వారం కూలీ పోతుంది. ఎప్పుడు ఆపాలో చప్పుడు చెప్తుంది, వదులు మట్టి మీద 'దబ్' అంటుంది, గట్టిపడ్డాక 'టంగ్' అని దిమ్మిస కొంచెం ఎగురుతుంది.

ఇప్పుడు మెషీన్లు వచ్చాయి కదా, ఇంకా ఇది ఎందుకు?

పెద్ద జాగా అయితే మెషీనే తెచ్చుకోండి, కిరాయికి దొరుకుతుంది. జంపింగ్ జాక్ అనే ఎగిరే రామర్ బంకమట్టికి, మొరానికి బాగుంటుంది, ప్లేట్ కాంపాక్టర్ ఇసుకకి, డస్ట్‌కి. కానీ కాలమ్ పక్కన, మెట్ల కింద, సంపు గోడ చుట్టూ, పైపు పక్కన జానెడు సందులో మెషీన్ దూరదు, దూరినా పైపు పగులుతుంది. ఉప్పల్ స్టేడియం లాంటి చోట్ల కూడా బౌలర్ల అడుగుల గుంటలు పూడ్చాక గ్రౌండ్ వాళ్లు చేతి రామర్‌తోనే కొడతారు, టీవీలో లంచ్ టైమ్‌లో చూస్తే కనపడుతుంది.

తాతగారి కాలం కొయ్య దిమ్మిస అటక మీద ఉంది, పనికొస్తుందా?

అడుగు భాగం పగుళ్లు లేకపోతే పనికొస్తుంది. పిడి వదులైతే కొత్త కర్ర వేయించండి, రాణిగంజ్ వైపు ఇనుప షాపుల్లో అడిగితే అడుక్కి పట్టీ కూడా వేయించి పెడతారు. మా నాయనమ్మ వాళ్లది చింత మొద్దు, పైన కర్ర మూడుసార్లు మారింది, కింద దిమ్మ అదే. నా పార్కింగ్ మళ్లీ తవ్వి నింపినప్పుడు మెట్ల కింద మూలంతా దాంతోనే కొట్టాం, ఈ వానాకాలానికి అక్కడ ఒక్క టైల్ కదల్లేదు, మెషీన్ కొట్టిన చోట మాత్రం ఒకటి కొంచెం మోగుతోంది, చూడాలి.